ఏడో బోరు

ఏడో బోరూ, నీతోనే మాట.
నీ నోటిమీద నాపరాయి కప్పి నాలుగేళ్లు.
పొదిలి బస్టాండు కాడి ఏజెంటు
డైరీలో నిన్ను ఒక్క గీతలో రాసుకున్నాడు:
ఆరొందల నలభై అడుగులు, కేసింగు అరవై, తడి లేదు.
ఆ రాత్రి తిరుచెంగోడు కుర్రాళ్లు రాడ్లు విప్పుతుంటే
బత్తాయి ఆకుల మీద పిండి,
నా కనురెప్పల మీద పిండి,
ఏడాది ముగ్గులకు సరిపడా రాతిపిండి.

నీకు ముందు ఆరు.
మొదటిది నూట ఎనభైకే చేపుకొచ్చి
ఆరేళ్లకు ఒట్టిపోయింది.
నాలుగోదాని నీళ్లు తాగి
మా కోటేశు పళ్లకు గార పట్టింది.
ఐదోదాని మాటెత్తితే
అంకమ్మ ఇప్పటికీ మెడ తడుముకుంటుంది.
అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టే గాలయ్య
"నీళ్లుండాయి, కాకపోతే అలిగుండాయి" అనేవాడు.
అలిగినోళ్లను పిలవాలంటే
గొంతులోకి రాడ్డు దించుతామా?
అప్పుడు తట్టలేదు.

భూగర్భజలాల ఆఫీసు నుంచి
స్కూటీ మీద వచ్చింది రమీజా అనే పిల్ల.
నీలోకి టేపు వదిలి, పైకి లాగి,
పొడి కొసను వేళ్లతో నలిపి చూసింది.
"దీన్ని పూడ్చబాకండి,
దీనికి తాగటం నేర్పుదాం" అంది.

నీ చుట్టూ ఆరడుగుల చదరం, పదడుగుల లోతు.
కేసింగుకు చుట్టూరా చిల్లులు,
చిల్లుల మీద దోమతెరలా రెండు చుట్లు నైలాను జాలీ.
వాగునీళ్లు వచ్చే దోవలో ముందొక చిన్నగుంట,
ఒండ్రు అక్కడే చెప్పులిడిచి రావాలని.
అడుగున పెద్దరాళ్లు, పైన కంకర,
ఆ పైన మూసీ ఇసక.
రాళ్లు చీమకుర్తివి,
ఏ మేడకూ పనికిరాక క్వారీ గట్టున పారేసిన ముక్కలు.
నల్లటి రాతినిండా చుక్కలు.
గంప ఎత్తి కుమ్మరిస్తూ మా కోటేశు
"నాయనా, ఆకాశాన్ని పూడుస్తన్నామా?" అన్నాడు.

నవంబరు ఆఖర్లో వాయుగుండం.
గొడుగేసుకుని నీ పక్కనే కూచున్నా.
గుంట నిండింది. పైపుకు చెవి ఆనించా.
మొదట గాలి బయటికొచ్చింది,
నాలుగేళ్ల ఊపిరి, చల్లటి రాతివాసన.
తర్వాత ఒక గుటక.
చాలాసేపటికి ఇంకొకటి.
ఆపరేషనయిన మనిషి
మొదటి చెంచా నీళ్లు మింగినట్టు.
లాంతరు పట్టుకొచ్చిన అంకమ్మ
"నీళ్లు పడ్డాయా?" అంది, ఎప్పటి అలవాటునో.
"పడతన్నాయే, పైనుంచి" అన్నా.
ఏళ్ల తర్వాత బోరు కాడ నవ్వింది మనిషి.

ఫిబ్రవరిలో నా మూడో బోరు ఆన్ చేస్తే
గాలి కక్కింది.
పల్లంలో మస్తాన్ వలీ బోరు
రెండించుల నీళ్లు పోసింది.
గట్టు తగాదాలో
పదకొండు వాయిదాలు ఎదురెదురుగా నిలబడ్డవాళ్లం.
అబద్ధమెందుకు, కడుపు మండింది.
రాళ్లు నావి, ఇసక నాది, విరిగిన నడుం నాది,
తడిసింది వాడి మడి.
రెండ్రోజులు అన్నం సయించలేదు.
"లోపల బండ నెర్రె ఎటుంటే అటే పోతాయి బాబాయ్,
సర్వే నెంబర్లు పైనే" అంది రమీజా.
ఆ పిల్లకేం, చెప్పి స్కూటీ ఎక్కింది.

మూడోనాడు పొద్దున్నే
వలీ ట్రాక్టరు వచ్చి ఆగింది,
ట్రక్కు నిండా చుక్కలరాళ్లు.
పలకరింపు లేదు. బీడీ వెలిగించుకుని
నా మొహం చూడకుండా చెప్పాడు:
"పడమటి చెలకలో నాకూ ఒక సచ్చిన బోరుంది.
ఎంత లోతు తవ్వాలో వచ్చి చూపియ్యి.
అది మీ చేనుకు మెరక."

మెరక అన్న మాట దగ్గర
ఒక్క దమ్ము ఆగాడు.
నేను పలుగు తీసుకుని ట్రక్కెక్కా,
రాళ్ల మీదే కూచున్నా.
వచ్చే మంగళవారం పన్నెండో వాయిదా.
దారిపొడుగునా ఇద్దరం
ఆ మాట తప్ప అన్నీ మాట్లాడుకున్నాం,
ఎక్కువగా ఇసక రేటు గురించి.